చింతపండుతో తోమిన నాలుగో రేకు

గురువారం సాయంత్రం జ్ఞానమణి ఒక కవరు అంటించి, అటెండరు మదార్ సాహెబ్ చేతిలో పెట్టి, పోస్టులో వేసి ఇంటికి పొమ్మంది. తర్వాత ప్రయోగశాలకు తాళం వేసింది. పోయిన వారం మనం ఆమెను ఆ తాళం ముందే విడిచి వచ్చాం. ఒంటరి ఆడమనిషిని అలా గుమ్మంలో నిలబెట్టి వారం రోజులు ఎటు పోయావని మీలో కొందరు నన్ను తిట్టుకునే ఉంటారు. ఏం చేయను, అంతకుముందు ఏడేళ్ళుగా ఆమె అక్కడే నిలబడి ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. జ్ఞానమణిది కమలాపురం. వయసు ముప్పై ఎనిమిది. కర్నూలులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. రాజధాని కర్నూలుకు వచ్చాక ఆఫీసులకు చోటు చాలక గుడారాలు వేశారు. గుడారాలూ చాలక కాలేజీ గదులు తీసుకున్నారు. ఆ సర్దుబాటులో ఆమె ప్రయోగశాల కాలేజీ వెనక ఉన్న పాత గుర్రపుశాలకు మారింది. గుర్రాలు పోయి పాతికేళ్ళయినా వానాకాలంలో వాటి వాసన ఇంకా వస్తుంది.

ఆ శాలలో ఆమె చేసే పని ఒకటే. గాలి తీసేసిన గాజు గొట్టంలో నికెల్ రేకు పెడుతుంది. రేకును కాల్చి, చల్లార్చి, దాని మీదికి కొలిచిన హైడ్రోజన్ వాయువు వదులుతుంది. ఆ వాయువులో ఎంత రేకుకు అంటుకుపోయిందో పాదరసం మట్టం చూసి చెబుతుంది. లోపలికి పీల్చుకోవడం కాదు, గోడకు సున్నం పట్టినట్టు పైపైన అంటుకోవడం. మద్రాసు నుంచి వచ్చిన పది రేకుల్లో మొదటి మూడింటికీ లెక్క ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది గీతలు దాటలేదు. అక్టోబరులో నాలుగో రేకుకు ఒక్కసారిగా అరవై రెండు వచ్చింది.

మద్రాసులో ఉన్న ఆమె గురువు తిరువేంగడం గారు ఆ అంకెను సభలో చదివి వినిపించారు. తన శిష్యురాలని గర్వంగా చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆ అంకె మళ్ళీ ఎవరికీ రాలేదు. మద్రాసులో రాలేదు. ఇక్కడ జ్ఞానమణికి కూడా రాలేదు. "నీ అంకె నీకు ఒక్కసారి మాత్రమే దొరికింది, ఇంకెవరికీ దొరకడం లేదు. ఆదివారం నేనే వచ్చి చూస్తాను" అని ఆయన ఉత్తరం రాశారు. అందులో అబద్ధం అనే మాట లేదు. ఆ మాట తప్ప మిగతాదంతా ఉంది. దానికి ఆమె రాసిన జవాబే గురువారం నాటి కవరు. నా కొలత తప్పు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, డాక్టరేటు జాబితా నుంచి నా పేరు కొట్టేయండి.

ఇక ఈ వారం.

శుక్రవారం పొద్దున జ్ఞానమణి మళ్ళీ వచ్చి తాళం తీసింది. తాళం వేసిన మనిషి ఎందుకు వచ్చిందంటే, పోవడానికి ఇంకో చోటు లేక. కాలేజీకి వేసవి సెలవులు ఇచ్చేశారు. పేటలో ఆమె అద్దెకున్న గదికి రేకుల కప్పు, పదింటికల్లా పెనం అవుతుంది. ఇంటావిడ రామసుబ్బమ్మ మంచిదే గాని, పెళ్ళి కాని ఆడమనిషి గాజు గొట్టాలతో ఏం చేస్తుందో ఆమెకు అర్థం కాదు. అర్థం కానిదాన్ని గురించి ఎక్కువ అడగడం మర్యాద కాదని ఆమె నమ్మకం. మంగళవారం గురువు ఉత్తరం అందినప్పటి నుంచి జ్ఞానమణి ఎవరితోనూ పది మాటలకు మించి మాట్లాడలేదు. కొలతలకు అలవాటుపడ్డ మనిషి కాబట్టి ఆ మాటలు కూడా లెక్కపెట్టింది.

పంపు ఆగి ఉంది. ఈ శాలకు మారాక అది ఇంతసేపు ఆగడం ఇదే మొదటిసారి. దాని చప్పుడు ఇంతకాలం తనకు తోడుగా ఉందని అది ఆగాక తెలిసింది. ఆమె గొట్టాలు విప్పి పాత పేపర్లలో చుడుతోంది. పదో రేకు ఇంకా తెరవలేదు, మద్రాసు నుంచి వచ్చిన నీలం కాగితంలో అలాగే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు ఊరికే కూర్చుంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. గాలి తీసేసిన గొట్టంలా తన లోపల కూడా ఏమీ మిగల్లేదనిపించింది.

ఒంటిగంటన్నరకు గుమ్మంలో నీడ పడింది. మదార్ సాహెబ్. శుక్రవారం నాడు అతను మూడు దాటకుండా రాడు.

"నమాజు అయిపోయిందా, సాహెబూ?"

"లేదమ్మా. మొదలు కాకముందే లేచి వస్తిని."

అతని గడ్డం ఇంకా తడిగా ఉంది. లోపలికి రెండడుగులు వేసి, జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద తడి వేళ్ళ గుర్తులు. ఆమె దస్తూరీలో మద్రాసు అడ్రసు ఒక మూల అలుక్కుపోయింది.

"కాళ్ళు చేతులు కడుక్కుందామని జేబులోటివన్నీ తీసి గట్టు మీద పెడితిని. ఇది బయటపడె. దీన్ని జేబులో పెట్టుకుని దేవుని ముందర ఎట్ల నిలబడేది?"

"పోస్టులో వేయలేదా?"

"వేయలే."

"నిన్న చెప్పింది ఈ రోజు దాకా?"

"ఉద్యోగం మానుకునే కాగితం మాదిరి ఉండాది. మీరు అంటించేటప్పుడు మొగం చూస్తిని."

కోపం వస్తే ఆమె మాటల్లోకి కమలాపురం వచ్చేది. లెక్చరరు పదాలు ఎటో పోయేవి. "నా మొగంతో నీకేం పని? ఉత్తరం వేయమంటే వేయల్ల. ఏడేండ్ల నుంచి ఈడ నేను చెప్పిన పని ఒక్కటన్నా తిరుగు లేకుండా చేసినావా?"

"తిరుగు లేకుండానే చేసినా. ఒక్కటే, చెప్పని పని చేసినా." మదార్ సాహెబ్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "తప్పు మీది కాదమ్మా. ఆ నాలుగో రేకు నేను తోమినా."

ఆమెకు ముందు అర్థం కాలేదు. రేకు, తోమడం అనే రెండు మాటలు పక్కపక్కన రావడం ఆమె చదువులో ఎక్కడా లేదు. రేకును చేత్తో కూడా ముట్టుకోదు. చిమటాతో పట్టి, బెంజీనులో ముంచి, గొట్టంలోకి దించుతుంది.

"ఏం చేసినావు?"

"తోమినా. చింతపండు, ఇటుకపొడి వేసి."

మదార్ సాహెబ్ అటెండరు కాకముందు ఏం చేసేవాడో ఆమెకు తెలుసు. అతని తండ్రి కర్నూలు బజారులో కళాయి పనివాడు. ఇత్తడి, రాగి గిన్నెల లోపల తగరం పూత పెట్టే పని. మదార్ కూడా ముప్పై ఏళ్ళు వచ్చేదాకా అదే చేశాడు. కాలిన గిన్నెలో నవాసాగరం అనే ఉప్పు చల్లినప్పుడు లేచే తెల్లటి పొగ అతని ఊపిరితిత్తుల్లో చేరింది. డాక్టరు ఆ పని మానేయమంటే మానేసి కాలేజీలో చేరాడు. పొగ పోయింది గాని దగ్గు మిగిలింది. ఇన్నేళ్ళలో ఆ పని గురించి అతను ఎత్తడమే తక్కువ. ఎత్తినప్పుడు మాత్రం ఒక గిన్నెను ఎవరు తోమారో చూసి చెప్పగలనని అనేవాడు.

"దసరా సెలవుల ముందు మీరు ఒగ వారం సరిగ్గా అన్నం తినలే," అన్నాడు. "గొట్టం ముందర కూర్చుని, పట్టడం లేదు, పట్టడం లేదు అని మీలో మీరే అనుకుంటాంటిరి. ఏం పట్టడం లేదో నాకు తెల్దు. గాలి అంటిరి. గాలో, తగరమో, లోహానికి ఏదో పట్టల్ల, అది పడతాలే. అంతే కదా? కొత్త గిన్నె ఎప్పుడూ అంతే అమ్మా. అద్దం మాదిరి మెరుస్తాంటాది, ఏమీ పట్టదు. దాన్ని గోనెపట్ట మీద పెట్టి, కాలితో తిప్పి తిప్పి తోమల్ల. చర్మం లేయల్ల. అప్పుడు పట్టుకుంటాది. మా నాయన నాకు మొదట నేర్పింది తోముడే. పూత పూసేది ఆరేండ్ల తర్వాత నేర్పె."

"అందుకని నా రేకు..."

"మీరు ఇంటికి పోయినాక తీసి తోమితిని. ఇంత పలచని రేకుకు కాలు పనికిరాదు. బొటనవేలితో తోమి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కాగితంలో చుట్టి పెడితిని. మర్నాడు మీరు గొట్టంలో పెడితిరి. సాయంత్రానికి మీ మొగం వెలిగిపోయె. పట్టింది సాహెబూ, అంటిరి. మీరు అట్ల నవ్వడం నేను అంతకుముందు చూడలే. చెప్పల్ల అనుకుంటి. ఆ నవ్వు చూసి నోరు రాలే."

జ్ఞానమణి లేచి నిలబడింది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో ఆమె పాదరసం మార్చింది, గొట్టాలు మార్చింది, కళ్ళద్దాలు కూడా మార్చింది. తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయింది. ఆ రోజు అరవై రెండు నిజంగా చూశానా, చూడాలని ఉండి చూశానా అని చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా ఆలోచించింది. ఈ మనిషి రోజూ పొద్దున కుండలో నీళ్ళు పట్టి పెడుతూ, ఐసుగడ్డ కొట్టి గొట్టం చుట్టూ సర్దుతూ, పక్కనే ఉన్నాడు. పక్కనే ఉండి చెప్పలేదు.

"నన్ను అబద్ధాలకోరును చేసినావు," అంది. గొంతు పైకి లేవలేదు. "మద్రాసులో మా సారు తలవంచుకున్నాడు. నా మాట నమ్మి, సభలో నిలబడి చెప్పి తలవంచుకున్నాడు. ఈ భూమ్మీద నా పని ఏమిటో అర్థమయ్యే మనిషి ఆయనొక్కడే. ఆ ఒక్కడిని కూడా నాకు లేకుండా చేసినావు."

"తప్పే, అమ్మా."

"పో."

అతను గుమ్మం దాకా పోయి, అక్కడ ఆగాడు. వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"ఒగటి మాత్రం నాకు ఇప్పటికీ తెలీలే. తోమింది తోమినట్లే ఉండాది కదా, పట్టింది మళ్ళీ ఎట్ల పోయె? తర్వాత ఆలోచిస్తే, మీరు ప్రతిసారీ ఆ రేకును ఎర్రగా కాలుస్తాంటిరి. కంచర వీధిలో చూడండి, సుత్తితో కొట్టి కొట్టి గిన్నె గట్టిపడితే కంచరోడు మళ్ళీ కొలిమిలో పెడతాడు. కాలిస్తే మెత్తబడతాది. లోహం తిన్న దెబ్బలన్నీ మరిచిపోతాది. మీరు కాల్చి కాల్చి నా తోముడంతా మరిపిస్తిరి అనుకుంటి."

అతను గుమ్మం దిగాడు.

"సాహెబూ, ఆగు."

ఆమె నోటు పుస్తకం కోసం వెతికింది. చుట్టిన పేపర్ల కింద, అటక మీద, చివరికి తాను కూర్చున్న స్టూలు కిందే దొరికింది. అక్టోబరు పేజీ తీసింది. నాలుగో రేకు. మొదటి కొలత అరవై రెండు. ఆ రోజు కరెంటు బలహీనంగా ఉండి పొయ్యి సరిగ్గా వేడెక్కలేదని పక్కన రాసి ఉంది. రేకును ఆ రోజు ఆమె గట్టిగా కాల్చలేకపోయింది. రెండో కొలత యాభై ఒకటి. అంతకుముందు రాత్రంతా పొయ్యి. మూడోది నలభై రెండు. మళ్ళీ పొయ్యి. ముప్పై అయిదు. ముప్పై. ఇరవై ఎనిమిది. ఇంతకాలం ఆమె ఈ పేజీని తన అవమానం అనుకుని చూసింది. అంకె నిలవని పేజీ అనుకుంది. కాలిస్తే తగ్గుతున్న అంకె అని ఒక్కసారీ చదవలేదు.

పేజీ పైన, తారీకు పక్కన, ఆమె దస్తూరీలోనే ఒక చిన్న వాక్యం ఉంది. నాలుగో రేకు కాస్త మసకగా ఉంది. రాసింది తనే. రాసి మరిచిపోయింది.

ఆమె గుండె గట్టిగా కొట్టుకుంటోంది. అది సంతోషమని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"లోపలికి రా. నీకొకటి చూపిస్తా."

ఆ గుర్రపుశాల గుమ్మానికి వేసింది కడప బండ. ఏ గుర్రమో తొక్కి దాని మూల విరిగింది. విరిగిన చోట రాయి పొరలు పొరలుగా లేచి, ఒక పొర కింద ఇంకో పొర, వేలి మందాన మెట్లుగా దిగింది. జ్ఞానమణి బ్లాకుబోర్డు దగ్గర నుంచి సుద్దపొడి గుప్పెడు తెచ్చి బండ మీద చల్లింది. గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని గట్టిగా ఊదింది. బల్లపరుపుగా ఉన్న మేర పొడి ఎగిరిపోయింది. విరిగిన మూలలో, ఒక్కో మెట్టు మొదట్లో తెల్లటి గీత మిగిలింది. మళ్ళీ ఊదింది. ఆ గీతలు కదల్లేదు.

"లోహం కూడా ఇంతే," అంది. "మనకు నున్నగా కనబడతాది గాని, కంటికి కనబడనంత చిన్నగా దాని మీద మెట్లు ఉంటాయి. అణువంత ఎత్తు మెట్లు. కాల్చిన రేకులో ఆ మెట్లు శానా తక్కువ, అంతా మైదానమే. నువ్వు ఇటుకపొడితో తోమినప్పుడు వేల వేల మెట్లు లేచినాయి. వాయువు వచ్చి ఆ అంచుల దగ్గర పట్టుకుంది. నేను కాల్చినప్పుడల్లా అవి సర్దుకుని చదునైపోయినాయి. అందుకే తగ్గింది. నువ్వు చెప్పిందే. దెబ్బలు మరిచిపోయింది."

మదార్ సాహెబ్ కూడా కూర్చున్నాడు. వంగి ఆ తెల్ల గీతలను చూశాడు. "బండ మీద సరే, పొడి మూలలో ఇరుక్కుంటాది. గాలి ఏంటికి ఇరుక్కుంటాది?"

అది మంచి ప్రశ్న. ఆమె క్లాసులో ఏడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. జవాబు చెప్పబోతుంటే ఆమె మొహం మారిపోయింది.

"ఇరుక్కోవడం కాదు సాహెబూ. మైదానం మధ్యలో ఉన్న అణువు ఉందనుకో. దానికి చుట్టూ మనుషులే. అన్ని చేతులూ పక్కవాళ్ళ చేతుల్లో ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళను పట్టుకోవడానికి దానికి పెద్దగా ఏమీ మిగలదు. మెట్టు అంచులో ఉన్నదానికి ఒక పక్క ఎవరూ లేరు. ఆ పక్క చెయ్యి ఖాళీ. వాయువు వస్తే ఆ చెయ్యే పట్టుకుంటుంది. ఒంటరిగా ఉన్న అణువు పట్టుకుంటే..."

తాను అన్న మాట ఆమెకే వినబడింది.

"అంచులో ఉండేది గట్టిగా పట్టుకుంటాదా, అమ్మా?"

"అవును. గట్టిగానే."

"మరి మీరు ఎవురినీ పట్టుకోకపోతిరే."

అతను వెక్కిరించలేదు. ప్రశ్నగా కూడా అడగలేదు. జ్ఞానమణి బండ మీది సుద్దను వేలితో చెరిపింది. తనకు ముప్పై రెండేళ్ళప్పుడు కడప నుంచి ఒక సంబంధం వచ్చింది. ఈ కొలత అయ్యాక చూద్దామంది. అన్నయ్య కమలాపురం వచ్చేయమన్నాడు. ఈ రేకు అయ్యాక వస్తానంది. కొలత వెనక కొలత, రేకు వెనక రేకు. పట్టుకోవడానికి చెయ్యి ఖాళీగానే ఉంది, చాచిందే లేదు. ఆమెకు అప్పుడు ఏడుపు వచ్చింది. పొద్దున రానిది అంతా అప్పుడు వచ్చింది. మదార్ సాహెబ్ లేచి కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి పక్కన పెట్టి, ఆమె వైపు చూడకుండా బయట వేపచెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, ఆమె లేచింది. నీలం కాగితం విప్పి పదో రేకు తీసింది.

"ఇదొక్కటే మిగిలింది. దీన్ని తోము. నా కళ్ళ ముందర తోము. ఎల్లుండి మా సారు వచ్చేసరికి అరవై రెండు మళ్ళీ రావల్ల. తర్వాత ఆయన ముందరే కాల్చి తగ్గించి చూపిస్తా."

"వస్తే నా పేరు చెప్పల్ల కదా?"

ఆమె చూపు తలుపు వెనక్కి పోయింది. సామాన్ల జోలికి అటెండర్లు పోతే ఉద్యోగం పోతుందని సూపరింటెండెంటు గోడకు కాగితం అంటించాడు. ఆ కాగితం ఇదే గదిలో, తలుపు వెనక ఉంది. మదార్ సాహెబ్‌కు రిటైరు కావడానికి ఇంక నాలుగు నెలలు. అక్టోబరులో ఏం జరిగిందో రాయకపోతే ఆమె కొలత మళ్ళీ అబద్ధమే అవుతుంది. రాస్తే ఇతని ఇరవై అయిదేళ్ళ నౌకరీ చివర్లో పోతుంది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

"తోముతా," అన్నాడతను. "తోమినాక చూసుకుందాం."

అతని చెల్లెలి ఇల్లు కాలేజీ గోడ పక్కనే. పోయి చింతపండు, పాత గోనెపట్ట తెచ్చాడు. ఇటుక ముక్కను గుమ్మం బండ మీదే పొడి కొట్టాడు. గోనెపట్ట పరిచి, దాని మీద రేకును చాచి, బొటనవేలికి చింతపండు గుజ్జు అంటించుకుని మొదలుపెట్టాడు. పైనుంచి కిందికి, మళ్ళీ అడ్డంగా, మళ్ళీ పైనుంచి. వేలు ఎక్కడా ఆగలేదు. ఆ తోముడులో ఒక లయ ఉంది. జ్ఞానమణి రేకు రెండో కొస పట్టుకుంది. ముందు కొస మాత్రమే పట్టుకుంది, తర్వాత తనూ కాస్త గుజ్జు తీసుకుని అతను చేసినట్టు చేయబోయింది. అతను ఆమె బొటనవేలిని సరిచేశాడు. గోరు తగలకూడదమ్మా, కండే తగలల్ల, అన్నాడు. మధ్యాహ్నం ఎండ గుమ్మంలోంచి లోపలికి జానెడు జరిగింది. రేకు మెరుపు పోయి మసకబారుతోంది. ఆమె మంగళవారం నుంచి లెక్కపెడుతున్న మాటల లెక్క ఎప్పుడో మరిచిపోయింది.

ఆ ఎండ మీద నీడ పడింది.

గుమ్మంలో తెల్ల కోటు, మడత నలిగిన పంచె, చేతిలో చిన్న తోలు పెట్టె. రాత్రంతా రైల్లో కూర్చుని, ద్రోణాచలంలో బండి మారి వచ్చిన మనిషి మొహం. తిరువేంగడం గారు.

"ఆదివారం అని రాశాను," అన్నారు. "నువ్వు సిద్ధం చేసి పెట్టింది కాకుండా, ఉన్నది చూడాలని ఈ రోజే వచ్చాను."

ఆయన చూపు గోనెపట్ట మీదికి, ఇటుకపొడి మీదికి, చింతపండు మీదికి పోయింది. తర్వాత మదార్ సాహెబ్ వేళ్ళ మధ్య ఉన్న, తాను పంపిన రేకు మీద ఆగింది. అటెండరు చటుక్కున చెయ్యి తీసేసి లేవబోయాడు.

"ఏం జరుగుతోందిక్కడ? నా రేకును ఎవరు పాడుచేస్తున్నారు?"

చెప్పడానికి ఆమెకు ఒక్క క్షణమే ఉంది. తలుపు వెనక కాగితం ఉంది. నేను అంటే అతని నౌకరీ నిలుస్తుంది. అతను అంటే తను నింద తప్పించుకుంటుంది. ఏడేళ్ళుగా తన పని గురించి ఎవరు అడిగినా ఆమె నేను అనే చెప్పింది, ఎందుకంటే అక్కడ ఇంకెవరూ లేరనుకుంది.

"మేం తోముతున్నాం సార్," అంది జ్ఞానమణి, కూర్చున్నచోటు నుంచి లేవకుండా. "నాలుగో రేకును తోమినందుకే అరవై రెండు వచ్చింది. మెట్లు సార్. కాల్చినకొద్దీ తగ్గిన అంకెలన్నీ నా దగ్గర ఉన్నాయి. లోపలికి రండి, చూపిస్తాను."

ఆయన లోపలికి రాలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మదార్ సాహెబ్ వైపు మొదటిసారి పరీక్షగా చూశారు.

"నువ్వు కళాయివాడివా?"

"అవును సామీ. ఒగప్పుడు."

"మా ఊళ్ళోనూ కళాయివాళ్ళున్నారు. అక్టోబరులో కూడా ఇంతేనా? చింతపండు, ఇటుకపొడి. నవాసాగరం వాడలేదు కదా?" ఆయన జ్ఞానమణి వైపు తిరిగారు. "ఎందుకడుగుతున్నానో నీకు తెలుసు. రేకు మీద నవాసాగరం ఉంటే ఆ అంకె నికెల్‌ది కాదు, ఆ ఉప్పుది కావచ్చు. కాల్చినకొద్దీ ఆ ఉప్పు ఎగిరిపోతుంది, అంకె తగ్గుతుంది. నీ మెట్లతో పనే లేదు."

లేదు సార్ అని ఆమె నోటి చివరిదాకా వచ్చింది. ఆ పొగ వల్లే అతను పని మానేశాడు. ఆ పొగే అతన్ని ఇప్పటికీ దగ్గిస్తోంది. దాన్ని మళ్ళీ ముట్టుకుంటాడా? ఆ మాట అతని నోటితోనే చెప్పించాలని ఆమె అతని వైపు తిరిగింది.

మదార్ సాహెబ్ ప్రొఫెసరును చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

"ఇంతే కాదమ్మా," అన్నాడు. "ఇంగొకటి ఉండాది."

ఆమె వేళ్ళ మీద చింతపండు ఆరిపోతోంది. మేం అనే మాట అప్పటికే నోరు దాటింది. దాన్ని వెనక్కి తీసుకోవచ్చునన్న ఆలోచన వచ్చింది గాని, తీసుకోవాలని ఆమెకు అనిపించలేదు. రేకు కొస వదలకుండా, "చెప్పు సాహెబూ," అంది.